సర్టిఫికెట్ సరే, మీ క్లాసు ఎవరు చూశారు?
ఆన్‌లైన్ టెఫల్ కోర్సుల మీద ఒక సమీక్ష

ప్రతి ఏడాది కొత్త వాలంటీర్ల పరిచయ సమావేశంలో తెలుగు పాఠాల సంగతి అయిపోయి అందరం టీ దగ్గర చేరాక ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మేడం, ఆన్‌లైన్‌లో టెఫల్ సర్టిఫికెట్ చేస్తే ఇక్కడ ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం వస్తుందా?"

అడిగేవాళ్ళు ఎక్కువగా భర్త వీసా మీద దుబాయ్‌కో షార్జాకో వచ్చిన అమ్మలు. బీఎస్సీ, బీటెక్, ఎంఏ చదివినవాళ్ళు. కొందరు మన ఊళ్ళలో రెండు మూడేళ్ళు బడిలో పనిచేసి వచ్చారు కూడా. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు చూసుకుంటే రెండో జీతం అవసరమే. ఫోన్ తెరిస్తే ప్రకటన కనబడుతుంది: 120 గంటల కోర్సు, ప్రపంచమంతా చెల్లుబాటు, ఈ రోజు మాత్రమే సగం ధర. అలాంటప్పుడు ఆశ పుట్టడంలో తప్పేముంది?

ఇది ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు చెప్పే విషయం కాదనిపించి, ఈసారి హ్యాండ్‌బుక్‌లోనే రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మిగతా కాగితాలు ఉన్నవాళ్ళకి ఆన్‌లైన్ సర్టిఫికెట్ కాస్త సాయపడుతుంది. అవి లేనివాళ్ళకి వాటి బదులు పనిచేయదు. ఎందుకంటే టీచర్‌ని తీసుకునేవాళ్ళు అసలు తెలుసుకోవాలనుకునేది, "ఈమె పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పగలదా?" అని. చాలా ఆన్‌లైన్ కోర్సులు జవాబు చెప్పకుండా వదిలేసేది సరిగ్గా ఆ ఒక్క ప్రశ్ననే.

కోర్సులో ఏముంటుంది

నేనూ ఒకటి చేశాను. పేరు అనవసరం, ఇలాంటివి చాలా ఉన్నాయి. టెఫల్ అంటే ఇంగ్లీష్‌ని పరాయి భాషగా నేర్పడం. ఈ మాట ఎవరి సొత్తూ కాదు. ఈ పేరుతో కోర్సు పెట్టడానికి ప్రపంచం మొత్తానికి ఒకే అధికార సంస్థ అంటూ ఏదీ లేదు. అందుకే "అంతర్జాతీయ గుర్తింపు" అని కనబడితే, గుర్తించింది ఎవరు అని అడగాలి. కొన్నిచోట్ల ఆ గుర్తింపు ఇచ్చేది కూడా ఇంకో ప్రైవేటు సంస్థే.

న్యాయంగా చెప్పాలంటే, పాఠ్యాంశం చెడ్డదేమీ కాదు. లెసన్ ప్లాన్ ఎలా రాయాలో ఉంది. ముందు చూపించి, తర్వాత సాధన చేయించి, ఆపైన పిల్లలే సొంతంగా వాడేలా చేయడం అనే మూడు మెట్ల పద్ధతి ఉంది. జవాబు మనమే చెప్పేయకుండా పిల్లల నోట రప్పించడం, తప్పుని ఎప్పుడు దిద్దాలి, ఎప్పుడు వదిలేయాలి అన్నది బాగా వివరించారు. మనకి ఇంగ్లీష్ వచ్చుగానీ ఆ గ్రామర్‌కి పేర్లు గుర్తుండవు చూడండి, ఆ లోటు తీరింది. తెలుగు నేర్పడానికి కూడా ఇందులో చాలా పనికొచ్చింది.

తేడా కొట్టింది పరీక్ష దగ్గర. ప్రతి అధ్యాయం చివర నాలుగింట ఒకటి ఎంచుకునే ప్రశ్నలు. తప్పితే మళ్ళీ రాయొచ్చు. 120 గంటలు అని సర్టిఫికెట్ మీద అచ్చు వేశారు గానీ, ఆ గంటలు ఎవరూ లెక్కపెట్టలేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని రెండు వారాల్లో నేను ముగించాను. చివరికి ఒక లెసన్ ప్లాన్ పంపితే "చాలా బాగుంది" అని రెండు వాక్యాలు వచ్చాయి. ఎవరికి పంపినా సరిపోయే వాక్యాలవి. మొదటి నుంచి చివరి దాకా నేను పాఠం చెప్పడం ఒక్కరూ చూడలేదు.

మా శనివారం క్లాసులో తెలిసింది

కోర్సులో ఒక పేజీ ఉంది. "అర్థమైందా?" అని పిల్లల్ని అడగకండి, అడిగితే అందరూ తల ఊపుతారు, దానివల్ల మీకు ఏమీ తెలియదు, బదులుగా అర్థమైతేనే చెప్పగలిగే చిన్న ప్రశ్న అడగండి అని. పరీక్షలో ఆ ప్రశ్నకి సరైన జవాబే పెట్టాను.

ఆ తర్వాతి శనివారం మన బడిలో "నిన్న, ఇవాళ, రేపు" పాఠం. తొమ్మిదిమంది పిల్లలు. బోర్డు మీద చక్కగా రాసి, బొమ్మలు చూపించి, "అర్థమైందా?" అన్నాను. "అయ్యింది టీచర్!" అని కోరస్‌గా చెప్పారు. "సరే, రేపు మీరేం చేశారో చెప్పండి" అని పొరపాటున నోరు జారితే ఒక్కరూ నవ్వలేదు. ఒక బాబు లేచి "రేపు నేను పార్క్‌కి వెళ్ళాను" అన్నాడు, పాపం ఎంతో నమ్మకంగా.

వెనక బెంచీలో కూర్చుని చూస్తున్న తోటి వాలంటీర్ క్లాసు అయ్యాక ఒక కాగితం చేతిలో పెట్టారు. 40 నిమిషాల క్లాసులో 31 నిమిషాలు నేనే మాట్లాడానట. "అర్థమైందా?" అని 14 సార్లు అడిగానట. ఆ కాగితం నాకు నేర్పినంత మొత్తం కోర్సు నేర్పలేదు. కోర్సులో చదివిన ఆ పేజీ నాకు నిజంగా అర్థమైంది ఆ రోజే. అయితే ఆ పేజీ ముందు చదవకపోతే కాగితంలో ఉన్నది ఇంత త్వరగా తలకెక్కేదీ కాదు. కాబట్టి కోర్సు వృథా అనను, సగమే అంటాను. గట్టు మీద కూర్చుని ఈత పుస్తకం చదవడం తప్పు కాదు కదా, దిగకుండానే ఈత వచ్చిందని కాగితం ఇవ్వడం తప్పు.

ఇక్కడి బడులు ఏం చూస్తాయి

ఎమిరేట్స్‌లో బడి పెట్టేది ప్రైవేటువాళ్ళే అయినా, టీచర్‌ని తీసుకోవడం వాళ్ళ ఒక్కరి ఇష్టం కాదు. దుబాయ్‌లో కేహెచ్‌డీఏ, అబుధాబిలో అడెక్, షార్జాలో స్పీయా, మిగతా ఎమిరేట్లలో విద్యాశాఖ ఉన్నాయి. బడివాళ్ళు మిమ్మల్ని ఎంచుకున్నా, మీ కాగితాలు ఆ పైవాళ్ళ నియమాలకు సరిపోవాలి.

అక్కడ మొదట చూసేది డిగ్రీ. ఇంగ్లీష్ చెప్పాలంటే ఇంగ్లీష్‌లోనో దగ్గరి సబ్జెక్టులోనో డిగ్రీ, దాంతో పాటు బీఎడ్ లాంటి టీచర్ శిక్షణ అడుగుతారు. తర్వాత అటెస్టేషన్: మన రాష్ట్ర ప్రభుత్వం, భారత విదేశాంగ శాఖ, ఎమిరేట్స్ ఎంబసీ, చివరికి ఇక్కడి విదేశాంగ శాఖ, వరసగా ముద్రలు పడాలి. ఆపైన డిగ్రీకి ఇక్కడి గుర్తింపు, పోలీస్ క్లియరెన్స్ ఉన్నాయి. ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళని చాలాచోట్ల ఐఈఎల్‌టీఎస్ స్కోరు అడుగుతారు. టీచర్ లైసెన్సు విధానాన్ని కూడా కొన్నేళ్ళుగా దశలవారీగా తెచ్చారు. బోధన పద్ధతి మీద ఒక పరీక్ష, సొంత సబ్జెక్టు మీద ఇంకొకటి.

ఈ జాబితా మొత్తంలో ఆన్‌లైన్ టెఫల్ ఎక్కడుంది? తప్పనిసరి కాగితాల్లో లేదు. బీఎడ్ ఉన్న ఇద్దరిలో ఒకరిని ఎంచుకునేటప్పుడు ప్రిన్సిపాల్ దాన్ని చూస్తే చూడొచ్చు. బీఎడ్ లేని చోట అది బీఎడ్ అవదు.

కాలేజీలు, యూనివర్సిటీల ఇంగ్లీష్ విభాగాలు సాధారణంగా ఎంఏ స్థాయి చదువు, దాంతో పాటు పెద్దలకు చెప్పిన అనుభవం అడుగుతాయి. లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్లు మాత్రం టెఫల్ అన్న మాటని ప్రకటనల్లోనే రాస్తాయి. కానీ అక్కడ కూడా "సెల్టా లేదా సమానమైనది" అని ఉంటుంది తరచుగా. ఆ మాటలో చాలా ఉంది.

సెల్టాకి ఎందుకు విలువ

సెల్టా కేంబ్రిడ్జ్ వాళ్ళ సర్టిఫికెట్. దీని మూలం 1962లో లండన్‌లో జాన్ హేక్రాఫ్ట్ మొదలుపెట్టిన చిన్న శిక్షణలో ఉంది. ఇదీ 120 గంటలదే. కానీ అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకి పాఠం చెప్పాలి, ట్రైనర్ కూర్చుని చూసి మార్కులు వేస్తారు. ఇంకో ఆరు గంటలు అనుభవం ఉన్నవాళ్ళ క్లాసులు చూడాలి. నాలుగు రాత అసైన్‌మెంట్లు ఉంటాయి. ట్రినిటీ వాళ్ళ సర్టిఫికెట్‌లో కూడా ఆరు గంటల బోధన తప్పనిసరి.

గమనించాల్సిన విషయం ఇంకొకటుంది. 2020లో కోవిడ్ వచ్చాక సెల్టాని కూడా పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసే వీలు కల్పించారు. తెర మీదే అయినా నిజమైన విద్యార్థులకే చెప్పాలి, ట్రైనర్ చూడాల్సిందే. సర్టిఫికెట్ మాత్రం అదే. కాబట్టి ఆన్‌లైన్‌లో చేశారా, గదిలో చేశారా అన్నది అసలు గొడవ కాదు. మీరు చెప్పిన పాఠాన్ని ఎవరైనా చూసి, తప్పు చెప్పి, మళ్ళీ చెప్పించారా అన్నదే తేడా. సెల్టాకి ఖర్చు కొన్ని వేల దిర్హాములు. అందరూ భరించలేరు. కానీ ఖరీదులో పెద్ద భాగం ఆ చూసే మనిషి సమయానికే.

ఇంకో రకం కూడా ఉంది. కేంబ్రిడ్జ్ వాళ్ళదే టీకేటీ అని, 2005 నుంచి నడుస్తోంది. అది పరీక్ష మాత్రమే. బోధన గురించి మీకెంత తెలుసో చూస్తుంది, బోధన చూడదు. ఆ సంగతి వాళ్ళు దాచరు. నాకు నచ్చింది ఆ నిజాయితీ. ప్రతి ఆన్‌లైన్ కోర్సూ తను ఏది కొలిచిందో, ఏది కొలవలేదో అలా రాసేస్తే మనకి ఇన్ని అపోహలు ఉండవు.

మన హైదరాబాద్‌ని మర్చిపోకూడదు. 1958లో అక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టింది మనలాంటివాళ్ళు మనలాంటివాళ్ళకి ఇంగ్లీష్ ఎలా నేర్పాలో ఆలోచించడానికే. 1972లో సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఇంగ్లీష్ బోధనలో పీజీ సర్టిఫికెట్, డిప్లొమా దూరవిద్యలో కూడా ఇస్తూ వచ్చారు. ఇంగ్లీష్ తెల్లవాళ్ళే నేర్పాలన్న భావనకి మన ఊళ్ళోనే అరవై ఏళ్ళ పైబడిన జవాబు ఉంది. ఇక్కడ ఉద్యోగ ప్రకటనల్లో "నేటివ్ స్పీకర్" అన్న మాట చూసి చాలామంది కుంగిపోతారు. ఆ వివక్ష నిజమే. రాబర్ట్ ఫిలిప్సన్ 1992లోనే ఆ నమ్మకం తప్పని పుస్తకంలో వాదించాడు, అయినా పోలేదు. ఏ టెఫల్ సర్టిఫికెట్టూ మన పాస్‌పోర్టు రంగు మార్చదు. ఆ మాట ఏ కోర్సు ప్రకటనలోనూ ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కాగితం చెల్లుతుందా? ముందే అడగాలి

చేతులు కాలాక ఆకులు పట్టుకున్న అనుభవాలు మనవాళ్ళకి ఉన్నాయి. 2018 ప్రాంతంలో ఎమిరేట్స్‌లోని భారతీయ టీచర్లు చాలామంది డిగ్రీకి ఈక్వివలెన్సీ రాక అవస్థ పడ్డారు. డిగ్రీ దొంగది కాదు, యూనివర్సిటీ దొంగది కాదు. కాలేజీకి వెళ్ళకుండా ప్రైవేటుగా చదివి రాసిన డిగ్రీ కావడమే చిక్కు. ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. మన ఎంబసీ కల్పించుకోవలసి వచ్చింది.

స్వదేశంలో ఇంకో సంగతి. శిక్షణ లేని టీచర్ల కోసం ఎన్‌ఐఓఎస్ 2017లో 18 నెలల డీఎల్‌ఎడ్ పెట్టింది. స్వయం పోర్టల్, టీవీ పాఠాల ద్వారా లక్షలమంది చేశారు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు, అది రెండేళ్ళ రెగ్యులర్ డిప్లొమాకి సమానం కాదని తీర్పు ఇచ్చింది. తర్వాత, కోర్సు మొదలయ్యేనాటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి కొంత వెసులుబాటు దొరికింది. ప్రభుత్వమే పెట్టిన కోర్సు విషయంలో ఇంత జరిగితే, ఫోన్‌లో ప్రకటన చూసి కొన్న కోర్సు విషయంలో మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి? చేర్చుకునేవాడు చెల్లుతుందంటే సరిపోదు. ఉద్యోగం ఇచ్చేవాడు, వాడి పైనున్న అధికారి చెల్లుతుందనాలి.

అయితే ఎవరికి పనికొస్తుంది?

మొదటిది, డిగ్రీ, బీఎడ్, అటెస్టేషన్ అన్నీ ఉండి, మధ్యలో నాలుగైదేళ్ళు పిల్లల కోసం ఆగినవాళ్ళకి. ఈ మధ్య కూడా చదువుతున్నాను అని చూపించడానికి, ఇంటర్వ్యూలో డెమో క్లాసుకి తయారవడానికి ఉపయోగం. రెండోది, సైన్స్, లెక్కలు చెప్పే టీచర్లకి. భాష రాని పిల్లలకి పాఠం ఎలా సులువు చేయాలో తెలుస్తుంది. మూడోది, ఈ పని తమకి సరిపడుతుందో లేదో తక్కువ ఖర్చుతో తేల్చుకోవాలనుకునేవాళ్ళకి.

ఆన్‌లైన్‌లో విదేశీ పిల్లలకి చెబుతాం అనేవాళ్ళకి ఒక మాట. టెఫల్ సర్టిఫికెట్లకి ఒకప్పుడు గిరాకీ పెంచింది చైనా పిల్లలకి చెప్పే ప్లాట్‌ఫాంలు. 2021 జూలైలో చైనా ప్రభుత్వం కొత్త నియమాలు తెచ్చి, దేశం బయట ఉన్న టీచర్లతో పిల్లలకి ట్యూషన్ చెప్పించడాన్ని ఆపేసింది. ఆ సంస్థల్లో కొన్ని తలుపులు మూశాయి. పాత వీడియోల్లో చెప్పే సంపాదన కబుర్లు అప్పటివి.

ఇంట్లో ట్యూషన్ చెప్పాలనుకునేవాళ్ళకి అసలు కావలసిన కాగితం వేరు. 2023 డిసెంబరులో ఇక్కడి విద్యాశాఖ, కార్మికశాఖ కలిసి ప్రైవేట్ టీచర్ వర్క్ పర్మిట్ ప్రకటించాయి. రెండేళ్ళు చెల్లుతుంది, రుసుము లేదు. బడిలో పనిచేసేవాళ్ళే కాదు, ఉద్యోగం లేనివాళ్ళు, యూనివర్సిటీ విద్యార్థులు కూడా పెట్టుకోవచ్చు. ప్రవర్తన నియమావళి మీద సంతకం చేయాలి. కొత్తగా మొదలుపెట్టే మనిషికి చట్టప్రకారం తెరిచిన తలుపు ఇదే, దీన్ని ప్రకటించినప్పుడు టెఫల్ ఉండాలని అనలేదు. పర్మిట్ లేకుండా డబ్బు తీసుకుని చెబితే మాత్రం జరిమానా. టెఫల్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. పిల్లల్ని ట్యూషన్‌కి పంపే అమ్మానాన్నలు కూడా గోడ మీది సర్టిఫికెట్ చూసి ఊరుకోకుండా, "పర్మిట్ ఉందా అండీ?" అని మర్యాదగా అడగండి.

మన బడి ఏం చేయగలదు

విమర్శ చేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఆ కోర్సుల్లో లేనిది మన దగ్గర ఉంది: నిజమైన పిల్లలు, ప్రతివారం క్లాసు, వెనక కూర్చుని చూడగలిగే స్నేహితులు. ఇన్నాళ్ళూ మనం దాన్ని వాడుకోలేదు. అది మన తప్పే. అందుకే ఈ ఏడాది నుంచి ఇలా చేద్దామని నా ప్రతిపాదన:

1. ప్రతి కొత్త వాలంటీర్ మొదటి టర్మ్‌లో కనీసం మూడు క్లాసులు చూడాలి. మూడుసార్లు తన క్లాసు చూపించుకోవాలి.

2. చూసినవాళ్ళు అరపేజీ రాయాలి: టీచర్ ఎంతసేపు మాట్లాడారు, పిల్లలు ఎంతసేపు, ఏది పనిచేసింది, వచ్చేవారం మార్చవలసిన ఒక్క విషయం ఏది. పొగడ్త వద్దు, ఎత్తిపొడుపూ వద్దు.

3. లెసన్ ప్లాన్లు, ఆ అరపేజీలు ఎవరి ఫైలులో వాళ్ళు దాచుకోవాలి. ఇంటర్వ్యూలో "మీ పాఠం గురించి చెప్పండి" అంటే చెప్పడానికి సరుకు ఉంటుంది.

4. అడిగినవాళ్ళకి బడి ఉత్తరం ఇస్తుంది. అందులో నిజమే ఉంటుంది: ఏ వయసు పిల్లలకి, ఎన్ని గంటలు, స్వచ్ఛందంగా తెలుగు నేర్పారు అని. ఇంగ్లీష్ అని రాయమని, గంటలు పెంచమని అడగొద్దు. ఇది బడి ఉద్యోగ అనుభవంగా లెక్కకి రాకపోవచ్చు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. ఉత్తరం కంటే, ఆ క్లాసుల్లో మీరు నేర్చుకున్నదే డెమో రోజున మిమ్మల్ని నిలబెడుతుంది.

కోర్సులో చేరాలనుకునేవాళ్ళు డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. నేను పాఠం చెప్పడం ఎవరు చూస్తారు, ఎన్ని గంటలు? నేను వెళ్ళాలనుకునే బడి హెచ్‌ఆర్ ఈ పేరు విని ఏమంటారు? అదే డబ్బు, అదే సమయం బీఎడ్‌కో, అటెస్టేషన్‌కో, ఐఈఎల్‌టీఎస్‌కో పెడితే నాకు ఇంకా దగ్గరి దారి అవుతుందా? రెండో ప్రశ్నకి జవాబు కోర్సు అమ్మేవాళ్ళ దగ్గర తీసుకోకండి. ఒక్క ఫోన్ చేసి బడినే అడగండి. నియమాలు ఏడాదికేడాది మారుతుంటాయి, ఎమిరేట్‌కీ ఎమిరేట్‌కీ తేడా ఉంటుంది, పోయినేడు పక్కింటావిడకి వచ్చింది కదా అంటే కుదరదు.

ఇంత చెప్పినా, వచ్చే సమావేశంలో టీ దగ్గర ఎవరో ఒకరు అదే ప్రశ్న అడుగుతారని నాకు తెలుసు. "మేడం, చేయమంటారా, వద్దంటారా?" అని. అప్పుడు నేను చెప్పే మాట ఇదీ: "ఈ శనివారం పదింటికి నా క్లాసుకి వచ్చి వెనక కూర్చోండి. వచ్చే శనివారం మీరు చెప్పండి, నేను కూర్చుంటాను. ఆ తర్వాత ఇద్దరం కలిసి ఆ కోర్సు వివరాలు చూద్దాం."

నా "అర్థమైందా?"ల లెక్క ఈమధ్య నాలుగుకి దిగింది. మీరు వచ్చి లెక్కపెట్టవచ్చు.